ఘాట్ రోడ్డుకు ముందు రోజు

మా నాన్న తను తిన్న కంచం తనే కడుక్కుంటాడు. ఎవరింటికి వెళ్ళినా అంతే. పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి మా ఇంటికి వచ్చి, భోంచేసి, కంచం పట్టుకుని తిన్నగా పెరట్లోకి నడిస్తే మా ఆయన నొచ్చుకున్నారు. "మామగారికి మన మీద ఏమైనా కోపమా?" అని అడిగారు. అలవాటు అని చెప్పి ఊరుకున్నాను. నిజానికి మా చిన్నప్పుడు ఆ అలవాటు లేదు. ఆయన పీట మీద కూర్చున్నాక మంచినీళ్ళ గ్లాసు చేతికి అందివ్వాలి, కూరలో కరివేపాకు ఏరి పక్కన పెట్టాలి, చెయ్యి కూడా కంచంలోనే కడుక్కునేవాడు. భోజనం దగ్గర ఎవరూ మాట్లాడకూడదు, నిలబడి ఏమీ నోట్లో వేసుకోకూడదు. "నిలబడి తినేది పశువులు" అనేవాడు. అలాంటి మనిషి ఒక వారంలో మారిపోయాడు. ఎందుకు మారాడో మా ఇంట్లో నాకొక్కదానికే తెలుసనీ, నాకు తెలిసిన సంగతి ఆయనకి తెలియదనీ మొన్న శుక్రవారం దాకా అనుకుంటూ వచ్చాను.

మేమిప్పుడు ఉంటున్నది దాచేపల్లిలో. మా ఆయనది సిమెంటు ఫ్యాక్టరీలో పని, ఈ వారం నైట్ షిఫ్టు. ఉతికి ఆరేసిన పాప గుడ్డలు సాయంత్రానికి పిండి చల్లినట్టు అవుతాయి. మళ్ళీ దులిపి, నీళ్ళలో జాడించి, ఇంట్లో తాడు మీద వేసుకుంటాను. పాపకి జ్వరం వస్తూ పోతూ ఉంది. డాక్టరుగారు మందు రాశారు, భయం లేదన్నారు. భయం లేదని వాళ్ళు ఎంత తేలిగ్గా అంటారో! ఇది రాయడం మొదలుపెట్టాక కూడా లేచి వెళ్ళి దాని నుదురు చూసి వచ్చాను. మనవరాలికి బాగోలేదని తెలిసి నాన్న పొదిలి నుంచి వచ్చాడు. ఆయన వచ్చిన మర్నాడు మా చర్చి ఆడవాళ్ళు నలుగురు వచ్చి, శుక్రవారం మా వరండాలోనే పాప కోసం ఉపవాస ప్రార్థన పెట్టుకుందామన్నారు. నేను వెంటనే ఒప్పుకున్నాను. వాళ్ళెవరూ నన్ను ఉపవాసం ఉండమనలేదు. నేనే అన్నాను, నేనూ ఉంటానని. పరాయి ఆడవాళ్ళు నా బిడ్డ కోసం కడుపు మాడ్చుకుంటుంటే కన్నతల్లిని నేను తింటానా? మంచం మీద కూర్చుని పాప అరికాలు నిమురుతున్న నాన్న చెయ్యి ఆగిపోయింది. ఆయన నా వైపు చూడలేదు. లేచి, చెప్పులు వేసుకుని, ఎండలో ఎక్కడికో వెళ్ళిపోయాడు. నాకు పొదిలిలో మా వసారా, దాని మీద సుద్దముక్కతో గీసిన ఘాట్ రోడ్డు గుర్తొచ్చాయి.

నాన్న మిషను స్కూల్లో లెక్కల మాస్టారు. అమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. వెనకింట్లో మంచాన పడిన నాయనమ్మ. మా ఇంట్లో పొద్దున లేవగానే రెండు వాసనలు ఉండేవి: నాయనమ్మ కాళ్ళకి రాసే కర్పూరం నూనె, మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు. ఎండ ఎక్కేకొద్దీ మిరపఘాటు మెట్ల మీదుగా దిగి వచ్చి ఇంట్లో అందరినీ తుమ్మించేది. అమ్మ పాటలు పాడుకుంటూ వంట చేసేది, తుమ్ము వచ్చినప్పుడు చరణం మధ్యలో ఆపి, తుమ్మి, మళ్ళీ అక్కడి నుంచే అందుకునేది. నాకంటే పెద్దవాడు మా అన్నయ్య రూబేను. లెక్కల మాస్టారి కొడుకు ఇంటర్లో లెక్కలు తప్పాడు. మళ్ళీ రాసి మళ్ళీ తప్పాడు. ఆ రెండోసారి ఫలితాలు వచ్చిన రోజున నాన్న బడి నుంచి మెయిన్ రోడ్డున రాకుండా పొగాకు కాల్చే బేరన్ల వెనక నుంచి చుట్టూ తిరిగి ఇంటికి వచ్చాడు. మా ఇంట్లో సిగ్గు అనేది నోటితో చెప్పుకునేది కాదు. ఎవరు ఏ దారిన ఇంటికి వచ్చారన్న దాన్ని బట్టి తెలిసేది.

అన్నయ్యకి వచ్చిందల్లా సైకిలు తొక్కడం. చీమకుర్తి దాకా వెళ్ళి మధ్యాహ్నం అన్నానికి వచ్చేవాడు. మా వైపు నేల అంతా బల్లపరుపు, పడమటి గాలి వీచిందంటే ఎదురు తొక్కేవాడికి ఊపిరాడదు. ఆ గాలిలో వాడు సైకిలు హ్యాండిల్ మీద గడ్డం ఆనించి, చీరకట్టుకున్న ఆడవాళ్ళు బిందెతో నడిచినంత నెమ్మదిగా, కానీ ఆగకుండా పోయేవాడు. ఎక్కడం నేర్చుకోవడానికి మాత్రం కొండ లేదు. అందుకని ఊరి చివర పెద్ద చెరువు కట్ట మీదికి బండ్లు ఎక్కే దారి ఒకటి ఉంటే దాన్నే కొండ అనుకున్నాడు. బరువు చాలదని నన్ను క్యారియర్ మీద కూర్చోబెట్టి, నా ఒళ్ళో సగం బస్తా ఎండుమిరపకాయలు పెట్టేవాడు. నేను బరువుని. కళ్ళు మండుతుంటే వాడి చొక్కాకి మొహం ఆనించుకుని కూర్చునేదాన్ని. కాబట్టి మా అన్నయ్య ఎక్కగలడా లేదా అన్న సంగతి నాకు వాడి వీపు చెప్పేది. బెల్లం ముక్క, గుప్పెడు వేరుశెనక్కాయలు తిని బయల్దేరిన రోజున ఎన్నిసార్లు ఎక్కినా ఆ వీపు ఊగేది కాదు. తినకుండా వస్తే మాత్రం కాసేపటికే వణుకు మొదలయ్యేది. ముందు భుజాల్లో, తర్వాత నడుములో. "దిగవే బుజ్జీ, ఇవాళ ఇంతే" అని సైకిలు పక్కకి వేసి కట్ట మీద వెల్లకిలా పడుకునేవాడు.

ఆ ఏడు మిరపకోతల కాలంలో జిల్లాలు చుట్టివచ్చే సైకిల్ పందెం ఒకటి పెట్టారు. గుంటూరులో మొదలై, చిలకలూరిపేట, ఒంగోలు మీదుగా పొదిలి వచ్చి, మార్కాపురం, దోర్నాల దాటి, నల్లమల ఘాట్ రోడ్డున శ్రీశైలం ఎక్కితే అయిపోతుంది. ఏ రోజుకారోజు ఎవరికెంత సేపు పట్టిందో రాసుకుని, చివరికి అంతా కలిపి చూస్తారు. పైన నిలిచినవాళ్ళకి ఆటగాళ్ళ కోటాలో ఉద్యోగం ఇస్తారని చెప్పుకున్నారు. అన్నయ్య పేరు ఇచ్చాడు. నాన్న బేరన్ల వెనక దారి మానలేదు. కానీ పందెంవాళ్ళు ఒంగోలు చేరేసరికి మా వాడు రెండో స్థానంలో ఉన్నాడని కబురు వచ్చింది. ఆ సాయంత్రం నాన్న మెయిన్ రోడ్డున ఇంటికి వచ్చాడు. బస్టాండు దగ్గర టీ కూడా తాగి వచ్చాడు.

పందెంవాళ్ళకి పొదిలిలో ఒక రోజు విశ్రాంతి. మిగతా కుర్రాళ్ళని మిషను స్కూల్లో పడుకోబెట్టారు. మా వాడు ఇంటికే వచ్చాడు. మొదటి స్థానంలో ఉన్నది పాడేరు వైపు కుర్రాడు. పుట్టిందే ఘాట్ల మధ్య. ఇద్దరికీ తేడా ఒక బీడీ కాల్చినంత సేపు, అంతే. కాబట్టి అంతా ఆ కొండ మీదే తేలాలి. అన్నయ్య వచ్చిన సాయంత్రం మా వసారా తిరునాళ్ళయింది. నాన్న సుద్దముక్క తీసుకుని గచ్చు మీద ఘాట్ రోడ్డు మలుపులన్నీ గీశాడు. ఆయన ఆ రోడ్డు మీద ఎప్పుడూ ప్రయాణం చెయ్యలేదు. ఏ మలుపు ఎటు తిరుగుతుందో చెప్పినవాడు మా దేవదానం మామయ్య, అమ్మకి తమ్ముడు, లారీ డ్రైవరు.

"ఇదిగో, ఇది వాడు, ఇది నువ్వు," అని నాన్న రెండు ఎండుమిరపకాయలు ఒకదాని వెనక ఒకటి పెట్టాడు. "చివరి మలుపు దాకా వాడి వెనక చక్రం వదలకు. గాలి కోసే పని వాడిది, వెనక దాక్కునే పని నీది. చివర్లో బయటికి రా. సింపుల్ లెక్క."

"బావా, నీ లెక్క ఒంగోలు రోడ్డుకి పనికొస్తది," అన్నాడు మామయ్య. "ఘాట్లో గాలేడుంది? రెండు పక్కలా అడివి. అసలు స్పీడే ఉండదు, ఇంక దాక్కునేది ఏంది? నేను మిర్చి లోడుతో ఎన్నిసార్లు ఎక్కలా! కింద చదునులో ఊపు పట్టించి, మొదటి మలుపుకే కొట్టెయ్యాల. వెనక పడ్డోడు వెనకే."

"నీకు ఇంజను ఉంది. వీడికేముంది?"

"వీడికి మా అక్క ప్రార్థన ఉంది" అన్నాడు మామయ్య. అందరూ నవ్వారు. లోపల అమ్మ కూడా నవ్వింది.

స్కూల్లో డ్రిల్లు మాస్టారు గోడకి ఆనుకుని కూర్చుని వింటున్నాడు. ఆయన అన్నాడు: "అసలు పిల్లోడు ఎక్కగలడా అనేది చూడండి ముందు. ఆ పాడేరు కుర్రాడి పిక్కలు చూశారా? రోకలిబండలు. మనోడు చూస్తే ఊచ."

"ఊచగా ఉన్నోడే ఎక్కుతాడు మాస్టారూ," అన్నాడు మామయ్య. "కొండ మేక ఎక్కుద్దా, గేదె ఎక్కుద్దా?"

"మేకైనా మేత మేసే గదయ్యా ఎక్కేది" అన్నాడు డ్రిల్లు మాస్టారు. అందరూ మళ్ళీ నవ్వారు. మర్నాటి ఉపవాసం సంగతి అప్పటికి ఆయనకి తెలియదు.

అన్నయ్య గుమ్మం పక్కన గొంతు కూర్చుని, ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహం చూస్తున్నాడు. వాడిని ఎవరూ ఏమీ అడగలేదు. నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. ఆ సుద్దగీతల మీద వాళ్ళు మిరపకాయల్ని ముందుకీ వెనక్కీ జరుపుతుంటే నాకు గర్వంగా ఉంది. మా వాకిట్లో అంతమంది మగవాళ్ళు మా అన్నయ్య గురించి, లెక్కలు తప్పిన వాడి గురించి, అంత గంభీరంగా కొట్లాడుకుంటున్నారు.

మర్నాడు శుక్రవారం. అన్నయ్య కోసం అమ్మ ఉపవాస ప్రార్థన పెట్టింది. పొద్దుటి నుంచి, మర్నాడు కుర్రాళ్ళు కొండ ఎక్కేదాకా, మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదు. మిరపకోతకి వెళ్ళే ఆడవాళ్ళు కూలి మానుకుని వచ్చారు. కాయలు కోసి కోసి వేళ్ళు మండుతుంటే కొంగులు తడిపి చుట్టుకుని చాపల మీద కూర్చున్నారు. ఒక చంటిపిల్ల తల్లి కూడా ఉంది. అమ్మ అన్నయ్యతో, "నువ్వు తినరా. నువ్వు తొక్కాల్సినవాడివి. నీకు ఈ నియమం లేదు" అన్నది. నేను విన్నాను, కాబట్టి ఆ మాట ఆమె పక్షాన చెప్పాలి. వాడు చాప మీది ఆడవాళ్ళని చూశాడు. "వాళ్ళందరూ నా కోసం పస్తుంటే నేను లోపల కూర్చుని ముద్దలు మింగనా? నా వల్ల కాదమ్మా" అన్నాడు. వెళ్ళి వాళ్ళ మధ్యనే కూర్చున్నాడు. అమ్మ కళ్ళు నీళ్ళతో మెరిశాయి. నా కొడుకు, అన్నట్టు అందరినీ చూసింది. ఆ ఆడవాళ్ళు కూడా వాడి తల మీద చెయ్యి వేసి నిమిరారు. అన్నం తినని వాడు ఎంత మంచివాడు! మాకు అప్పుడు అలాగే కనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి. పందెం వాడిదయితే, వాడిని బలపరచడానికి కూర్చున్నవాళ్ళందరం కలిసి వాడి నోటి దగ్గర కూడు తీసేశాం.

ఆ రోజు మా పొయ్యి వెలిగింది నాయనమ్మ కోసమే. ఆమెకి మెత్తగా వండిన అన్నం, కందిపచ్చడి గిన్నెలో పెట్టి మూతపెట్టారు. మధ్యాహ్నం దాటాక నేను పెరట్లో నీళ్ళు తోడుకోవడానికి వెళ్ళి వంటింటి వెనక తలుపు సందులోంచి చూశాను. నాన్న. గోడకి మొహం పెట్టి నిలబడి ఉన్నాడు. చేతిలో నాయనమ్మ గిన్నె. కంచం లేదు. పీట లేదు. గిన్నెలోంచే ముద్దలు తీసి గబగబా మింగుతున్నాడు. ఆయనకి ఆకలి ఆగదు, పొద్దుపోతే కడుపులో మంట అంటాడు, అది అందరికీ తెలిసిందే. అమ్మకి చెప్పి తింటే ఎవరూ కాదనేవారు కాదు. కానీ తండ్రి కదా, ముందు వరసలో కూర్చున్నాడు. చాప మీదికి తిరిగి వెళ్ళాలి. ఆయన వీపు కదులుతోంది. నేను బిందె పట్టుకుని, చప్పుడు కాకుండా, వచ్చిన దారినే వెనక్కి నడిచాను. ఒళ్ళంతా ఎవరో చూస్తున్నట్టు ఉంది. తప్పు చేసింది నేను కాదు. అయినా ఆ పూట సిగ్గుపడింది నేను.

సాయంత్రం నాయనమ్మ లేచింది. మంచం మీద నుంచి, చాపల దాకా వినిపించేలా, "ఒసేయ్, నా అన్నం ఎవరో తిన్నారే! గిన్నె నాకేశారే!" అని అరిచింది. పాట ఆగిపోయింది. ఆడవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. అమ్మ వెళ్ళి గిన్నె చూసింది. పిల్లి తిన్నదేమో అన్నారెవరో. "పిల్లి మూత పెడుతుందా?" అన్నది అమ్మ. నాన్న కళ్ళు మూసుకుని ఉన్నాడు. ప్రార్థనలో ఉన్నాడని అందరూ అనుకున్నారు.

మర్నాడు తెల్లవారకముందే మామయ్య లారీలో బయల్దేరి నాన్నా నేనూ దోర్నాల దాటి ఘాట్లో ఒక మలుపు దగ్గర నిలబడ్డాం. అమ్మ ఇంట్లో చాపల మీద ఉండిపోయింది. నేను మొదటిసారి కొండరోడ్డు చూడటం. సుద్దముక్కతో గీసినట్టు ఏమీ లేదు. గీతకి ఎత్తు ఉండదు కదా. ముందు జీపు వచ్చింది, దాని వెనక పాడేరు కుర్రాడు, వాడి వెనక చక్రానికి అతుక్కుని మా అన్నయ్య. నాన్న లెక్క ప్రకారమే వచ్చాడు. "వచ్చాడు, వచ్చాడు! చూశావా దేవదానం!" అని నాన్న గంతులేశాడు. వాళ్ళు మమ్మల్ని దాటారు. నేను వాడి వీపు చూశాను. భుజాలు వణుకుతున్నాయి.

మామయ్య లారీ వేసుకుని వెనకే వెళ్ళాం. రెండు మలుపులు దాటాక సైకిలు రోడ్డు పక్కన పడి ఉంది. అన్నయ్య రాయి మీద కూర్చుని ఉన్నాడు. మొహం సున్నంలా ఉంది. మమ్మల్ని చూశాడు గానీ ఎవరమో తెలిసినట్టు లేదు. అక్కడే కొండకి పోయే యాత్రికుల బస్సు ఒకటి ఇంజను వేడెక్కి ఆగి ఉంది. అందులోంచి దిగిన ముసలమ్మ ఒకామె వాడి దగ్గరికి వంగి, "ఏం నాయనా, కళ్ళు తిరుగుతున్నయ్యా? పొద్దున ఏమన్నా తిన్నావా?" అన్నది. మా వైపు మనిషి ఎదురుపడితే మొదట వచ్చే మాట అది. తిన్నావా? దారిన పోయేవాళ్ళని కూడా అడుగుతాం. ఆ రెండు రోజుల్లో వాడిని ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. వాడు తల అడ్డంగా ఊపాడు. ఆమె సంచిలోంచి రెండు అరటిపళ్ళు తీసి, తొక్క వలిచి వాడి చేతిలో పెట్టింది. నాన్న రోడ్డు మీద నిలబడి, వాడు తింటుంటే చూశాడు. తర్వాత వాడు లేచాడు. ఎవరూ చెయ్యి ఇవ్వలేదు. సైకిలు ఎత్తుకుని ఎక్కాడు. పది పదిహేనుమంది అప్పటికే దాటిపోయారు, వాళ్ళలో చాలామందిని ఒక్కొక్కళ్ళనే దాటుకుంటూ పైకి పోయాడు. వీపు ఊగలేదు. కొండ మీద నిలబడ్డ పోలీసాయన కూడా, "ఎవుర్రా వీడు, కింద ఏం చేస్తున్నాడు ఇందాకా?" అన్నాడు. కానీ ఆ రాయి మీద కూర్చున్న సేపు లెక్కలో పడింది. మా వాడు ఎక్కడో కిందికి పోయాడు. ఉద్యోగం పాడేరు కుర్రాడికి వచ్చిందని తర్వాత విన్నాం. మంచిదే. వాడు ఎక్కినవాడే.

ఊళ్ళో ఆ కూలిమానుకున్న ఆడవాళ్ళకి ఒక జవాబు కావాలి. ఇంతమందిమి అడిగితే దేవుడు ఎందుకు ఇవ్వలేదు? జవాబు నాయనమ్మ గిన్నెలో ఉంది. ఉపవాసం తెగింది. ఎవరు తెంపారు? ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ ఎవరూ లేవలేదు. అందరి చూపూ చంటిపిల్ల తల్లి మీద పడింది. ఆమె పిల్లని చీరకొంగులో దాచుకుని ఏడవబోతోంది. అమ్మ మొహం పాలిపోయింది, పెద్ద ఆమే కదా. అప్పుడు అన్నయ్య లేచి నిలబడ్డాడు. "నేనే తిన్నాను. ఆకలికి ఆగలేకపోయాను. క్షమించండి" అన్నాడు. కూర్చున్నాడు. నేను మగవాళ్ళ వరసలోకి చూశాను. నాన్న పాటల పుస్తకం తెరిచి, పేజీలు తిప్పుతున్నాడు. చాలాసేపు తిప్పాడు.

ఆ తర్వాత మా ఇంట్లో అందరం బేరన్ల వెనక దారినే నడిచాం. కుర్రాళ్ళు అన్నయ్యని చూసి, "ఏరా రూబేనూ, ఎన్ని ముద్దలు తిన్నావురా కొండెక్కే ముందు?" అని అరిచేవాళ్ళు. అమ్మ వాడిని తిట్టలేదు. అన్నం వడ్డించేటప్పుడు గరిట ఒక్క క్షణం ఆపేది. అంతే. వాడు ఆ ఏడే సైకిలు అమ్మేసి గుంటూరు వెళ్ళిపోయాడు. మిర్చి యార్డులో కాటా దగ్గర పని. ఇప్పటికీ అక్కడే. పండగలకి వస్తే, అందరూ తిన్నాక తింటాడు. కంచం కడుక్కుంటున్న నాన్న, ఆఖర్న తింటున్న అన్నయ్య, గరిట ఆపే అమ్మ. మా ఇంట్లో అన్నం తినడం అనేది ఇలా తయారయింది. నేను డిగ్రీ చదివాను, పెళ్ళి చేసుకున్నాను, ఈ సంగతి మా ఆయనకి కూడా చెప్పలేదు. ఎవరిని గురించి సిగ్గుపడాలో నాకే తెలియకపోతే ఏమని చెప్పను?

మొన్న శుక్రవారం వరండాలో చాపలు పరిచాను. ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. పాప వేడిగా ఉంది, పాలు పీల్చి, రాక, వదిలేసి ఏడుస్తోంది. పాట ఎత్తుకోబోతుంటే లోపలి నుంచి నాన్న వచ్చాడు. చేతిలో కంచం. అన్నం ఆయనే వండినట్టున్నాడు, ముద్దగా అయింది. పక్కన కందిపచ్చడి, నెయ్యి. మరో చేత్తో ఇంకో కంచం. గుమ్మం దగ్గర, అందరికీ ఎదురుగా, కింద కూర్చున్నాడు.

"రామ్మా. పిల్లని వాళ్ళకియ్యి. కూర్చో" అన్నాడు.

పెద్దామె ఒకావిడ నెమ్మదిగా, "అయ్యగారూ, ఇవాళ ఉపవాసమండీ" అన్నది.

"తెలుసమ్మా. మీరుండండి, మీకు పుణ్యం. ఇది పాలిచ్చే తల్లి, ఇది తినాలి. ఒక్కతే తింటే సిగ్గుపడుద్దని నేనూ తింటన్నా." ముద్ద కలిపాడు గానీ నోట్లో పెట్టుకోలేదు. "ఒకసారి నా కొడుకు కోసం ఇట్టాగే ఉపవాసం ఉన్నారు. వాడు మర్నాడు కొండెక్కాల. వాడు తినలేదు. నేను తిన్నా. మా అమ్మకి పెట్టిన కూడు, గోడకి తిరిగి, దొంగలాగా తిన్నా. తర్వాత వాడు చర్చిలో లేచి, తిన్నది నేనే అని చెబితే, కూర్చుని విన్నా." తల తిప్పి నా వైపు చూశాడు. "ఈ పిల్ల చూసింది. బిందె పట్టుకుని తలుపు అవతల నిలబడింది. నీడ పడింది గోడ మీద."

ఆయనకి తెలుసు! ఇన్నేళ్ళూ నా ముందు కంచం కడుక్కున్న ప్రతిసారీ తెలుసు.

వరండాలో ఉన్నవాళ్ళకి మా పొదిలి తెలియదు, రూబేను ఎవరో తెలియదు. చెప్పాల్సిన చర్చి ఒకటి, చెప్పింది ఇంకో చోట. ఆయన కోసం నాకు మళ్ళీ సిగ్గేసింది. ఇక్కడ చెబితే ఏం పోతుంది ఆయనకి, అనిపించింది. అప్పుడు పెద్దామె అడిగింది: "ఇంతకీ ఆ పిల్లోడు కొండెక్కాడా అండీ?"

"ఎక్కాడమ్మా," అన్నాడు నాన్న. "రెండు అరటిపళ్ళు తిని ఎక్కాడు. మేమందరం ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం ఎట్టా ఎక్కాలని."

పెద్దామె పాపని నా చేతుల్లోంచి తీసుకుంది. "తిను తల్లీ. ఆకలి మాది, కూడు నీది. మేము చేస్తాం గదా ప్రార్థన" అన్నది. తిన్నాను. అందరి ముందు తినడం కష్టమే. కళ్ళలో నీళ్ళు పచ్చడి వల్లనే అనుకోనిచ్చాను. నాన్న నాతో సమానంగా, ముద్దకి ముద్ద తిన్నాడు. వాళ్ళు పాట ఎత్తుకున్నారు.

తిన్నాక ఆయన చెయ్యి కడుక్కుని, గోడకి తగిలించిన సంచి తీసుకున్నాడు. "గుంటూరు బస్సు ఎన్నింటికుందమ్మా?" అన్నాడు. పొదిలి బస్సు కాదు. గుంటూరు బస్సు. నాకు అర్థమైంది, అయినా అడిగాను, అమ్మకి ఎప్పుడు చెబుతావని.

"ముందు వాడికి. వాడు రమ్మంటే ఇద్దరం కలిసి మీ అమ్మ దగ్గరికి పోతాం. వాడు రానంటే..." ఆగి, చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. "రానంటే నేనొక్కడినే ఎక్కాల ఆ ఘాటు."

ఆయన మెయిన్ రోడ్డు వైపే నడిచాడు. పాపకి శనివారం జ్వరం తగ్గింది, నిన్న మళ్ళీ కొద్దిగా వచ్చింది, ఇప్పుడు లేదు. గుంటూరు నుంచి కబురేమీ లేదు. యార్డులో కాటా దగ్గర, ఆ మిరపఘాటులో, నలుగురు హమాలీల ముందు ఆయన ఏమని మొదలుపెట్టి ఉంటాడో, అన్నయ్య ఏమన్నాడో నాకు తెలియదు. అసలు బస్సు దిగాడా, దిగి వెనక్కి తిరిగాడా అని కూడా భయమేస్తుంది. ఆ రోజు ఆడవాళ్ళు వెళ్ళిపోయాక వరండా ఊడ్వబోతే గుమ్మం పక్కన రెండు కంచాలూ అలాగే ఉన్నాయి. నాన్నది కూడా. మెతుకులు ఎండి, అంచున పచ్చడి అంటుకుని ఉంది. తీసుకెళ్ళి కడిగాను.